నాలుగు బటన్లకీ ఒకటే మాట

భయపడినందుకు నాకు నెలనెలా జీతం ఇస్తారు. మాట వరసకి అనడం లేదు, నా ఉద్యోగమే అది. విశాఖపట్నంలో ఒక కంపెనీలో కుర్రాళ్ళు ప్రోగ్రాములు రాస్తారు. అవి ఎక్కడ పగులుతాయో, ఎవరు ఏ పిచ్చి నొక్కుడు నొక్కితే కుప్పకూలుతాయో ముందే ఊహించి చెప్పడం నా పని. టెస్టర్ అంటారు. చోడవరంలో మా మేడ మీద గదిలో కూర్చునే చేస్తాను. పుట్టుకతోనే పిరికిదాన్ని కాబట్టి ఈ పని నాకెవరూ నేర్పక్కర్లేకపోయింది. గ్యాస్ కట్టేశానా లేదా అని వీధి చివరిదాకా వెళ్ళి వెనక్కి వచ్చి చూసుకునే రకాన్ని. కొత్త గొడుగు కొనిచ్చినా ముందు చిల్లు వెతుకుతావు అని మా ఆయన ఎగతాళి చేస్తారు. వెతుకుతాను. చిల్లు లేని గొడుగు నేనింతవరకూ చూడలేదు.

మా ఇంటి కింద వాటాలో జిరాక్స్ షాపు ఉంది. అందులో పనిచేసే అమ్మాయి ఒకరోజు ఏదో కవరు ఇవ్వడానికి పైకి వచ్చి, నా కంప్యూటర్ వైపు చూస్తూ అలా నిలబడిపోయింది. ఇవి రాస్తే పేజీ తయారవుతుందా మేడం అని అడిగింది. అవుతుందన్నాను. నేను నేర్చుకోవచ్చా అంది. డిగ్రీ పాసయింది, చెయ్యి చురుకు, నోరు ఇంకా చురుకు. బుచ్చయ్యపేట వెళ్ళే రోడ్డు నుంచి లోపలికి ఉన్న ఒక చిన్న ఊరు వాళ్ళది. ఇంట్లో అమ్మ, నాన్న, తాత, మామ్మ. చెరుకు తోట ఉంది, తోట పక్కనే బెల్లం వండే పెనం ఉంది. సీజనులో అమ్మా నాన్నా తెల్లవారకముందే పెనం దగ్గరికి వెళ్ళిపోతారు. ఆ పెనం మీద జీవితమంతా బెల్లం వండిన తాతకి చివరికి షుగరు పట్టుకుంది. ఈ సంగతి ఆ పిల్ల నవ్వుతూనే చెప్పింది.

అలా మధ్యాహ్నం అన్నం వేళ ఆమె పైకి రావడం, నేను నేర్పడం మొదలైంది. మా ఇద్దరికీ పొత్తు కుదరాల్సింది కాదు. నేను ఏది ముట్టుకోవాలన్నా పదిసార్లు ఆలోచిస్తాను. ఆమె ముందు నొక్కేసి, ఆ తర్వాత ఏమిటది అని అడుగుతుంది. ఒకసారి పాఠం రాసుకున్న ఫైలు మొత్తం చెరిపేసింది. నా గుండె ఆగినంత పనయింది. ఆమె మాత్రం జడ వెనక్కి విసురుకుని, "పోతే ఏటవుద్ది మేడం, మళ్ళీ రాసేద్దుం," అంది. ఆ ధైర్యం చూస్తే నాకు ముచ్చట వేసేది, భయమూ వేసేది.

లూప్ అంటే ఏమిటో చెప్పడానికి పంక్తి భోజనం చెప్పాను. వడ్డించేవాడు వరసగా ఒక్కో ఆకు దగ్గరా ఆగి, అదే పని చేసి, పక్క ఆకుకి జరుగుతాడు. ఆకులు నాలుగున్నా నాలుగు వందలున్నా అతనికి చెప్పాల్సిన మాట ఒక్కటే. ఆమెకి ఇది బాగా నచ్చింది. ఆ తర్వాత బటన్ నొక్కితే పని జరిగేలా రాయడం చెప్పాను. అది ఇప్పుడు చేసే పని కాదు, ఎవరైనా తలుపు కొడితే అప్పుడు ఏం చెయ్యాలో ముందే చెప్పి ఉంచడం. లూప్ ఇప్పుడే తిరిగేసి అయిపోతుంది, నొక్కడం ఎప్పుడో తర్వాత జరుగుతుంది. ఈ రెండింటినీ ఒకచోట కలిపినప్పుడు మధ్యలో దయ్యం దూరుతుందని నాకు తెలుసు. ఆ పాఠానికి మేమింకా రాలేదు.

ఆమె ఎందుకు నేర్చుకుంటోందో కొన్నాళ్ళకి గానీ బయటపెట్టలేదు. విశాఖపట్నంలో ఒక చిన్న కంపెనీ కొత్తవాళ్ళని తీసుకుంటోందట, ఇంటర్వ్యూకి రమ్మన్నారట. ఉద్యోగం వస్తే హాస్టల్లో ఉండాలి. ఉంటే తాతకి మందులు ఎవరిస్తారు? ఇప్పటిదాకా ఉదయం, రాత్రి తనే చేత్తో ఇస్తోంది, పగటివి పొట్లం కట్టి పెట్టి వస్తోంది. అమ్మా నాన్నా పెనం వదలలేరు. మామ్మకి చదువు రాదు, మాత్రలన్నీ ఆవిడ కళ్ళకి ఒకేలా ఉంటాయి. తాతకి చూపు సగం పోయింది. అందుకని ఆ పిల్ల ఒక ఉపాయం ఆలోచించింది. సిమ్ లేని పాత ఫోను ఒకటి ఇంట్లో పడి ఉంది. అందులో ఒక పేజీ. పేజీలో నాలుగు పెద్ద బొమ్మలు. పొద్దున్నకి కోడి, మధ్యాహ్నానికి సూర్యుడు, సాయంత్రానికి దీపం, రాత్రికి చందమామ. మామ్మ బొమ్మ నొక్కితే చాలు, ఆ పూట వేసుకోవాల్సిన మాత్రల ఫొటో పెద్దగా కనిపిస్తుంది, ఆ పిల్ల గొంతు వినిపిస్తుంది.

ఆ గొంతు నా గదిలోనే రికార్డు చేసింది. నేను ఫ్యాను కట్టేసి ఊపిరి బిగబట్టి కూర్చున్నాను. మాత్రల రంగు, ఏ డబ్బా, ఎన్ని, అన్నీ ఓపికగా చెప్పింది. రాత్రి మాత్రల్లో షుగరుకి గట్టి మాత్ర ఒకటి ఉంది. తాత ఎప్పుడూ కడుపునిండా అన్నం తిన్నాకే వేసుకునేది అది, ఖాళీ కడుపున పడితే ఒంట్లో చక్కెర మరీ దిగిపోతుంది. ఆ రికార్డు చివర ఆమె గొంతు కొంచెం మెత్తబడింది. "ఏసుకున్నావా? ఇంక తొంగో తాతా," అంది. మా వైపు తొంగోమంటే పడుకోమని. రోజూ ఇంటి గుంట, అంటే ఈ పిల్ల, అలా అంటే గానీ తాత మంచం ఎక్కడట.

నా దగ్గర ఆ నాలుగు బటన్లకీ నాలుగుసార్లు విడివిడిగా రాసింది. నేను నాలుగూ నొక్కి, అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు నొక్కి, గబగబా నొక్కి, తడి వేలితో నొక్కి చూశాను. బాగుందన్నాను. ఆమెకి మాత్రం తృప్తి లేదు. లూప్ నేర్చుకుని కూడా ఒకటే ముక్క నాలుగుసార్లు రాయడం ఏమిటి మేడం, సిగ్గుచేటు అంది. ఇంటర్వ్యూ అయ్యేదాకా దీన్ని ముట్టుకోకు అని చెప్పాను. తల ఊపింది. ఊపిన ప్రతి తలా ఒప్పుకున్న తల కాదని నా వయసుకి తెలియాలి.

ఇంటర్వ్యూ రోజు నాకు పొద్దున్నుంచీ మీటింగులు. ఫోను పక్కన బోర్లా పెట్టేశాను. అన్నం తిని చేతులు తుడుచుకుంటూ చూస్తే ఆ పిల్ల దగ్గర్నుంచి మెసేజీ, పొద్దున్న బస్సు ఎక్కుతూ పంపినది. ముందురోజు ఇంటి దగ్గర ఆ ఫోనులోనే నాలుగూ తీసేసి ఒక్క లూప్‌లో పెట్టేసిందట. రాత్రి తాతకి మాత్రలిచ్చే వేళకి పని అయిపోయిందట, చందమామ నొక్కి చూసిందట. "పాకం సూసేను మేడం, కుదిరింది. మామ్మకి ఫోను ఇచ్చీసి బస్సెక్కీసేను," అని ఉంది. కింద తను రాసిన కోడు.

పాకం చూడడమంటే వాళ్ళింటి భాష. పెనంలో చెరుకు రసం మరిగి మరిగి చిక్కబడే వేళకి, కొంచెం తీసి చెంబులో నీళ్ళలో ఒక చుక్క వేస్తారు. ఆ చుక్క వేళ్ళ మధ్య ఉండలా నిలిస్తే పెనం దించేస్తారు, జారిపోతే ఇంకాస్త మంట పెడతారు. ఒక్క చుక్క పెనం అంతటి సంగతీ చెబుతుంది. తాత చేసింది అదే, నాన్న చేస్తున్నది అదే. అన్నం ఉడికిందో లేదో తెలియడానికి ఒక్క మెతుకు పట్టుకుంటే చాలని మనమందరం అనుకునేది కూడా అదే. నేను ఎన్నిసార్లు అన్నీ నొక్కాలని చెప్పినా, ఆ పిల్ల చేతికి పుట్టినప్పటి నుంచి వచ్చిన అలవాటు ఒక్క చుక్కే.

కోడు చదివాను. చదవడం పూర్తికాకముందే తప్పు కనిపించింది. నేను ఇంకా చెప్పని పాఠం, నేను చెప్పిన పంక్తి భోజనంలోనే ఉంది. వడ్డించేవాడు ప్రతి ఆకు దగ్గరా ఆగి, నీకు ఆకలేసినప్పుడు నన్ను పిలు, నా చేతిలో ఉన్నది వడ్డిస్తాను అని చెప్పి వెళ్ళాడనుకోండి. అందరికీ ఆ మాట చెప్పడం అయ్యేసరికి అతను పంక్తి చివరన ఉంటాడు, చేతిలో మజ్జిగ గిన్నె ఉంటుంది. ఆ తర్వాత ఎవరు పిలిచినా మజ్జిగే. పప్పు అడిగినవాడికీ మజ్జిగే. ఆ పిల్ల లూప్‌లో చివరి ఆకు చందమామ. కోడి నొక్కినా, సూర్యుడు నొక్కినా, దీపం నొక్కినా వచ్చేది చందమామ మాత్రలే.

నా కంప్యూటర్లో పెట్టి చూశాను. కోడి నొక్కాను. రాత్రి మాత్రలు వచ్చాయి. సూర్యుడు నొక్కాను. రాత్రి మాత్రలే. నిన్న రాత్రి ఆమె నొక్కిన ఒక్క బటనూ నిజమే చెప్పింది, ఎందుకంటే నిజం చెప్పే బటన్ ఆ పేజీలో అదొక్కటే.

గోడ గడియారం వైపు చూశాను. పొద్దుటి పూట అయిపోయింది. మధ్యాహ్నం పూట కూడా అయిపోయింది. ఆ ముసలాయన ఒంట్లో గట్టి మాత్ర ఈపాటికి రెండోసారి పడి ఉంటుంది. ఎన్నో ఏళ్ళుగా ఎన్నో పేజీలు పగలడం చూశాను నేను. పగిలితే ఎవరో విసుక్కుంటారు, ఎవరో తిట్టుకుంటారు, కుర్రాళ్ళు సరిచేస్తారు. పేజీ పగిలితే మనిషి పోతాడని నాకు ఎప్పుడూ తట్టలేదు. ఇంతకాలం నేను పడిందంతా భయమే కాదని, భయమంటే ఇదని ఆ నిమిషంలో తెలిసింది.

ఆ పిల్లకి ఫోన్ చేశాను, స్విచాఫ్. ఇంటర్వ్యూలో ఉంటుంది మరి. వాళ్ళ నాన్న నంబరు కింద షాపాయన దగ్గర దొరికింది. మోగుతోంది, ఎత్తడం లేదు. చెరుకు ఆడే ఇంజను చప్పుడులో పక్కవాడి మాటే వినపడదు, జేబులో ఫోను ఏం వినపడుతుంది. మా ఆయన మాడుగుల బడిలో పాఠం చెబుతున్నారు. ఆ పిల్ల ఊళ్ళో నాకు తెలిసిన మనిషి మరొకరు లేరు. స్కూటీ తాళం తీశాను. ఆ స్కూటీ మీద నేను కూరల బజారు దాటి వెళ్ళింది లేదు.

ఆ రోడ్డు నాకు గుర్తున్నంత బాగా నా పెళ్ళి కూడా గుర్తులేదు. చెరుకు సీజను. గోవాడ చక్కెర ఫ్యాక్టరీ వైపు వెళ్ళే ట్రాక్టర్లు నెత్తికి మించిన లోడుతో ఊగుతూ వస్తున్నాయి, చెరుకు చివళ్ళు రోడ్డు మీదికి వేలాడుతున్నాయి. నా ముందు ఒక ఖాళీ ట్రాక్టరు నడిరోడ్డున తీరిగ్గా పోతోంది. హారను కొట్టాను, దారి ఇవ్వలేదు. ఏడుపు వచ్చింది. దాన్ని దాటాలంటే ఎదురు బండి కనపడదు, దాటకపోతే ముసలాయన. మామూలుగా అయితే ఊరు వచ్చేదాకా దాని వెనకాలే వెళ్ళేదాన్ని. కళ్ళు మూసుకోలేదు గానీ మూసుకున్నంత పని చేసి దాటేశాను. ఎవరో నన్ను తిట్టారు. దారి పొడుగునా నా బుర్ర తన ఉద్యోగం తను చేస్తూనే ఉంది. ఆయన కింద పడి ఉంటాడా, వాంతులు చేసుకుని ఉంటాడా, అరుగు దిగుతూ తూలి ఉంటాడా, ఇంటి ముందు జనం మూగి ఉంటారా. జరగగలిగినవన్నీ ఒక్కొక్కటే ఊహించుకుంటూ వెళ్ళాను. ఊహించనిది ఒక్కటి మిగిలిపోయింది.

ఊరి మొదట్లో అడిగి ఇల్లు కనుక్కున్నాను. ఇంటి ముందు జనం లేరు. అరుగు మీద మామ్మ కాళ్ళు చాపుకుని చింతపండులో గింజలు తీస్తోంది. నన్ను ఒకసారి షాపు దగ్గర చూసింది, గుర్తుపట్టింది. నేను నోరు తెరిచేలోపు వేలు పెదాల మీద పెట్టుకుంది.

"నెమ్మదిగా అమ్మా. తాత తొంగున్నాడు," అంది.

ఎప్పటి నుంచి అని అడిగాను.

"పొద్దున్న కోడి బొమ్మ నొక్కేను. మాత్ర సెప్పింది, ఏసేను. ఇంక తొంగో తాతా అంది. గుంట సెప్పిందని తొంగున్నాడు. మజ్జానం లేపి సూరీడు బొమ్మ నొక్కేను, మాత్రేసేను. మళ్ళీ తొంగోమంది. తొంగున్నాడు."

అన్నం తిన్నారా అన్నాను.

"తొంగోమన్నాక అన్నం ఎలగెడతానమ్మా? లెగిసేక తింటాడు," అంది మామ్మ. మనవరాలి మాట మీద ఆవిడకి అంత నమ్మకం.

లోపలికి పరిగెత్తాను. నులక మంచం మీద ఆయన వెల్లకిలా ఉన్నాడు. బనియను పిండేలా తడిసిపోయింది. ముట్టుకుంటే ఒళ్ళు చల్లగా, జిగటగా ఉంది. తాతా అని కుదిపాను. కళ్ళు సగం తెరిచాడు, ఆ కళ్ళలో నేను లేను. ఏదో గొణిగాడు. నేను రాకపోయి ఉంటే ఆ ఇంట్లో ఎవరికీ అనుమానమే వచ్చేది కాదు. తాత పడుకున్నాడు, గుంట పడుకోమంది, అంతే. పైకి చూడ్డానికి అంతా సవ్యంగా ఉంది.

అంబులెన్సుకి ఫోన్ చేశాను. అటువైపు ఆవిడ అడిగినవన్నీ చెప్పాను. బండి వచ్చేలోపు, మింగగలిగితే తీపి ఏదైనా కొంచెం కొంచెంగా పెట్టమని, మింగలేకపోతే చెంప లోపల రాయమని, పక్కకి తిప్పి పట్టుకోమని చెప్పింది. బెల్లం ఉందా అని మామ్మని అడిగాను. బెల్లం వండే ఇంట్లో ఆ ప్రశ్నకి మామ్మ మొహం బిగుసుకుపోయింది.

"షుగరు మడిసికి బెల్లం ఏటమ్మా? సచ్చిపోడూ?" అంది. ముసలాయన దొంగతనంగా తింటాడని ఆవిడ బెల్లం దిమ్మ మొత్తం పెట్టెలో పెట్టి తాళం వేసి, ఆ తాళం చెవి కొంగున ముడేసుకుని తిరుగుతోంది. మనవరాలే అలా చెయ్యమందట. ఇస్తే గుంట తిడుతుందంది. నేను జన్మలో పెద్దవాళ్ళ మీద గొంతు లేపలేదు. ఆ రోజు అరిచాను. నువ్వు వేసిన మాత్ర రాత్రి మాత్ర, తీపి పడకపోతే ఈయన లేవడు అని అరిచాను. మామ్మకి ఎంత అర్థమయిందో తెలియదు. కొంగు ముడి విప్పబోయింది, ఆ ముడి ఎంతకీ రాలేదు. నేను పళ్ళతో లాగి విప్పాను.

బెల్లం ముక్క నలిపి, కాసిని నీళ్ళతో ముద్ద చేసి, ఆయన్ని పక్కకి తిప్పి చెంప లోపల రాశాను. మింగుతాడా, గొంతుకి అడ్డం పడుతుందా అని ఒక భయం. రాయకపోతే ఇంకో భయం. మామ్మ ఆయన పాదాలు పట్టుకుని కూర్చుంది. పాకం నీళ్ళలో వేసి చూసేవాళ్ళు ఇలాగే చూస్తారేమో, నిలుస్తుందా జారుతుందా అని. కాసేపటికి ఆయన గొంతు కదిలింది. ఇంకాస్త రాశాను. మళ్ళీ కదిలింది. వేళ్ళు నా ముంజేతిని పట్టుకున్నాయి. కళ్ళు తెరిచి, ఈసారి నన్ను చూశాడు. ఎవరు నువ్వు అని అడగలేదు.

"ఇంకొంచెం ఎట్టు," అన్నాడు.

మామ్మ ఆయన కాలి మీద ఒక్కటి చరిచి, ఆ కాలి మీదే తల పెట్టి ఏడ్చింది. నేను కూడా ఏడ్చాను.

అంబులెన్సు వచ్చింది. ఆ మాత్ర ప్రభావం మళ్ళీ తిరగబెడుతుందని చోడవరం ఆసుపత్రిలో ఉంచుకున్నారు. కబురు తెలిసి వాళ్ళ అమ్మా నాన్నా పెనం దగ్గర నుంచి బూడిద చేతులతోనే వచ్చారు. సాయంత్రానికి ఆ పిల్ల కూడా కబురు విని బస్సు దిగి, ఇంటర్వ్యూ కోసం వేసుకున్న ఇస్త్రీ చుడీదారుతో, ఫైలు గుండెకి హత్తుకుని వార్డులోకి వచ్చింది. తాత కూర్చుని ఇడ్లీ తింటున్నాడు. ఆమె తాతని చూడలేదు, నన్ను చూసింది. మామ్మ ఏ బొమ్మ నొక్కిందని అడిగింది. చెప్పాను.

"నాను సందమామ ఒక్కటే నొక్కేను మేడం. పాకం ఒక సుక్క సూస్తే సాలు కదా," అంది. అడుగుతున్నట్టు కాదు, బతిమాలుతున్నట్టు.

తిట్టాలని సాయంత్రం దాకా కూడబెట్టుకున్న మాటలు అన్నీ పోయాయి. పెనంలో ఉన్నదంతా ఒకటే పాకం అమ్మా, బటన్లు మాత్రం నాలుగూ నాలుగు పెనాలు అన్నాను. ఆమె ఫైలు మంచం మీద పెట్టి, గోడ వైపు తిరిగి నిలబడింది.

ఇంట్లో ఎవరూ ఆమెని ఒక్క మాట అనలేదు. అదే ఆమెకి తిట్టుకంటే ఎక్కువైంది. మామ్మని నేను తర్వాత మెల్లగా అడిగాను, రెండు పూటలూ ఒకటే మాట వస్తే అనుమానం రాలేదా అని. డాక్టరు మార్చేడేమో అనుకుందట. చదువుకున్న గుంట చెప్పింది, నాకేటి తెలుసు అనుకుందట.

ఆ పిల్ల పైకి రావడం మానేసింది. కింద షాపులో జిరాక్స్ మిషను పచ్చ బటన్ మీద వేలు పెట్టి, తీసి, కాగితం సరిచూసి, మళ్ళీ వేలు పెట్టడం మెట్లు దిగుతూ చూశాను. అది నా వేలు. చెరిపేసిన ఫైలు చూసి జడ విసురుకున్న పిల్లకి నా జబ్బు అంటుకుంది. నాకు చాలా బాధేసింది. ఆ ధైర్యం చూసి ఎన్నోసార్లు కంగారుపడ్డాను గానీ, అది లేకుండా ఆ పిల్ల ఉంటుందని నేనెప్పుడూ అనుకోలేదు.

ఈలోగా ఉద్యోగం వచ్చింది. వచ్చిందని చెప్పింది కూడా ఆమె కాదు, వాళ్ళ నాన్న. ఒక మధ్యాహ్నం మా మెట్లెక్కి గుమ్మంలోనే నిలబడి, గుంట వెళ్ళనంటోందమ్మా అన్నాడు. మందులు తనే చేత్తో ఇస్తోందట, మాట లేకుండా ఇస్తోందట. "ముసలాడు రాత్రుళ్ళు తొంగోడం నేదమ్మా. అది తొంగోమని సెప్పడం మానీసింది. ఈడు కూకుని సూస్తా ఉంటాడు," అన్నాడు.

మర్నాడు నేనే కిందికి వెళ్ళి ఆమెని చెయ్యి పట్టుకుని పైకి తెచ్చాను. నువ్వు వెళ్ళినా, వెళ్ళకపోయినా ఆ పేజీ సరిచెయ్యాలి అన్నాను. విరిగినదాన్ని విరిగినట్టే వదిలేస్తే నాకు నిద్ర పట్టదు, నా కోసం చెయ్యమన్నాను. అది నిజమే. వడ్డించేవాడి కథ చెప్పాను. ప్రతి ఆకు దగ్గరా ఆ ఆకుది ఒక గిన్నె అక్కడే వదిలి వెళ్ళాలి, అప్పుడు ఎవరి పిలుపుకి వారి గిన్నె పలుకుతుంది. కోడులో మార్చాల్సింది ఒకే ఒక్క మాట. మార్చింది. ఇంత చిన్నదా మేడం అంది. అవును, ఇంత చిన్నదే. నన్ను భయపెట్టేది ఎప్పుడూ అదే.

ఆ తర్వాత నాలుగూ నొక్కింది. వరసగా, వరస తప్పి, ఒకటే పదేపదే. చివరికి నాకే విసుగొచ్చింది. ఆదివారం నన్ను వాళ్ళింటికి తీసుకెళ్ళి మామ్మ చేత నొక్కించింది. మామ్మ ఒక్కో బొమ్మ నొక్కడం, ఫోను ఏం చెప్పిందో తిరిగి చెప్పడం, ఆ పిల్ల తల ఊపడం. మామ్మకి ఇంకో మాట కూడా నేర్పింది. రెండు పూటలు ఒకటే మాట వస్తే మాత్ర వెయ్యొద్దు, పెనం దగ్గరికి వెళ్ళి నాన్నని పిలువు.

హాస్టలుకి వెళ్ళేలోపు గొంతు కూడా మళ్ళీ రికార్డు చేస్తానంది. అరుగు మీద కూర్చుంది, నేను పక్కన. కోడి, సూర్యుడు, దీపం బాగానే వచ్చాయి. చందమామ దగ్గర మాత్రలన్నీ చెప్పి ఆగిపోయింది. మళ్ళీ మొదలుపెట్టింది, మళ్ళీ అక్కడే ఆగింది. ఆ చివరి మాట నోరు దాటడం లేదు. అది తీసేద్దాం అన్నాను. తల అడ్డంగా ఊపింది. కళ్ళు తుడుచుకుని, గొంతు సవరించుకుని, ఒక్క ఊపిరిలో చెప్పేసింది.

"ఏసుకున్నావా? ఇంక తొంగో తాతా. పొద్దున్న కోడి బొమ్మ నొక్కుతాది మామ్మ. నువ్వు లెగాల."

రాత్రి మాత్రల వేళదాకా నేను అక్కడే ఉండిపోయాను. తాత అన్నం తిన్నాడు. మామ్మ చందమామ నొక్కింది, మాత్రలు ఫొటోతో సరిచూసి ఇచ్చింది. ఆ పిల్ల తలుపు వెనక నిలబడి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఫోను చెప్పాల్సిందంతా చెప్పింది. ముసలాయన ఆ ఫోను వైపే చూస్తూ, అది మనిషే అన్నట్టు జవాబిచ్చాడు.

"అలగే. లెగుస్తాన్లేవే," అని, దుప్పటి కప్పుకున్నాడు.

మర్నాడు పొద్దున్న మా ఇంట్లో, ఆయన లేచాడని ఫోన్ వచ్చేదాకా నేను కాఫీ కూడా తాగలేదు.